కోట మీద ఇంటిపేరు

మొన్న ఆదివారం వంటింట్లో పులిహోర పేస్ట్ సీసా మూత తీశాను. కొట్లో కొన్నదే. వేడన్నంలో కలుపుతుంటే చింతపండు, ఇంగువ వాసన హాల్లోకి పోయింది. మా చిన్నది ముక్కు మూసుకుని, "ఇట్స్ స్ట్రాంగ్, మమ్మీ" అంటూ కిటికీ తెరిచింది. సోఫాలో కూర్చున్న అమ్మ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. అమ్మ ఆసుపత్రి ఉద్యోగం మానేసి చాన్నాళ్లయింది. అప్పుడప్పుడూ నాన్నతో కలిసి వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులుండి వెళుతుంది.

"మెంతులు వెయ్యలేదు వీడు," అంది. కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుంటూ, "ఆ కోట ఇంకా తెరిచే ఉంటందా?" అని అడిగింది.

ఏ కోట అని నేను అడగలేదు. ఫోన్లో వార్తలు చదువుకుంటున్న నాన్న వేలు అక్కడే ఆగిపోయింది. మా ఇంట్లో ఆ కోట మాట ఎత్తి ఎన్నేళ్లయిందో లెక్క లేదు. అదీ అమ్మే ఎత్తింది.

"ఉంది. వచ్చే శనివారం తీసుకెళ్తాను," అన్నాను.

మేం అప్పట్లో ఐర్లండ్‌లో గాల్వేకి కాస్త దూరంలో ఒక పాత ఊళ్లో అద్దెకుండేవాళ్లం. ఆ ఊరి చుట్టూ చూడదగ్గ చోట్లు బోలెడు. పైకప్పు లేని ఒక మఠం, నీళ్లతో తిరిగే పాత పిండిమర, గడ్డి కప్పిన ఇళ్లున్న ఒక వీధి. అన్నిటికంటే మిన్న, ఊరికి పడమర ఏటి ఒడ్డున ఉన్న కోట. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, వానలో తడుస్తూ కూలిపోయిన గోడలు చూడటానికి మాలాగా ఎగబడిన తెలుగువాళ్లు ఇంకెక్కడా ఉండి ఉండరు. దానికంతటికీ కారణం ఒక అంకుల్.

ఆయనది గోదావరి జిల్లా. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పెద్ద గొంతు, ఇంకా పెద్ద మనసు అని అందరూ అనేవారు. మా ఊళ్లో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలనీ నెలకో ఆదివారం పోగేసి ఏదో ఒక పాత కట్టడానికి తీసుకెళ్లేవాడు. అమ్మను 'చెల్లెమ్మా' అని పిలిచేవాడు. కాబట్టి నాన్న ఆయనకు 'బావగారు' అయ్యారు, వాళ్లావిడా అమ్మా ఒకరికొకరు 'వదిన' అయ్యారు. వాళ్ల చిన్నమ్మాయి నాకు ప్రాణ స్నేహితురాలు. రక్తసంబంధం ఎవరికీ ఎవరితోనూ లేదు. నాకు మాత్రం చాలా కాలం ఆ సంగతి తెలియదు.

ఆ ఆదివారాలకు ఒక పద్ధతి ఉండేది. ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో వంట తేవాలి. అంకుల్ వాళ్లింటినుంచి ఆంటీ చేసిన గారెలు, ఇంకో ఇంటినుంచి దద్దోజనం, కొత్తగా పెళ్లయిన జంట ఒకటుండేది, వాళ్లకి వంట రాదు కాబట్టి చిప్స్ ప్యాకెట్లు. మా ఇంటిది పులిహోర. అమ్మ ముందురోజే పులుసు కాచేది. చింతపండు గుజ్జు చిక్కబడి, నూనె పైకి తేలేదాకా సన్న సెగ మీద ఉడికించి, చిన్న బెల్లం ముక్క వేసి, చివర్లో వేయించిన మెంతుల పొడి, నువ్వుల పొడి కలిపేది. ఆ వాసన రెండ్రోజులు మా కోట్లకి, స్కూలు స్వెట్టర్లకి పట్టి ఉండేది. స్కూల్లో నా పక్కన కూర్చునే ఐరిష్ పిల్లాడు సోమవారం రాగానే వాసన చూసి, "వేర్ డిడ్ యీ గో?" అని, మీరంతా ఎక్కడికెళ్లారని అడిగేవాడు.

కోట గడ్డి మీద దుప్పట్లు పరిచి పెద్దవాళ్లు ఒకటే కబుర్లు. మగాళ్లవి అద్దెలు, లీజులు, ఎవరి వీసా ఎక్కడ ఆగిందన్న సంగతులు. ఆడవాళ్లవి జీపీ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు దొరకని బాధలు, కరివేపాకు ఏ కొట్లో పచ్చగా దొరుకుతుందన్న రహస్యాలు. మేం పిల్లలం కోట లోపలికి పరుగెత్తేవాళ్లం. లోపల తడి రాయి, పావురాల రెట్ట, పాత సున్నం కలిసిన వాసన. ద్వారం పైన రాతిలో ఒక కంత ఉండేది. శత్రువులు గుమ్మంలోకి రాగానే దాంట్లోంచి వేడినీళ్లు, వేడి ఇసుక గుమ్మరించేవారని గైడ్ ఆవిడ చెప్పేది. అంకుల్ ఆ మాట మాకు తెలుగులో తిప్పి చెప్పేవాడు.

"మరిగే నూనె పోసేసేవోరండి. అదే మనోళ్లైతే వట్టి నూనె పొయ్యరు. ఆవాలు, ఎండుమిరపకాయలు చిటపటలాడాక, అప్పుడు పోసేవోరు."

మాకు ఆ కంతంటే మహా ఇష్టం. పులిహోరలోంచి వేరుశనగ పప్పులు ఏరి దాచుకుని, పైనుంచి టూరిస్టుల టోపీల మీదికి ఒక్కొక్కటీ జారవిడిచేవాళ్లం. ఒకసారి ఒక జర్మనీ ఆయన పప్పు ఏరుకుని, అటూ ఇటూ చూసి, నోట్లో వేసుకున్నాడు. మా స్నేహితురాలికి నవ్వాగక ఎక్కిళ్లొచ్చాయి.

కోట బురుజు ఎక్కడం మాత్రం ఆట కాదు. మెట్లు ఇరుకు, మెలికలు తిరిగి ఉంటాయి, పట్టుకోవడానికి ఒక తాడు తప్ప ఏమీ ఉండదు. అంకుల్ ఒక రూలు పెట్టాడు. పదేళ్లు నిండినవాళ్లే పైదాకా ఎక్కాలి. ఎక్కినవాళ్లు పైన నిలబడి తమ ఇంటిపేరు గట్టిగా అరవాలి. ఆ అరుపు కింద కార్ పార్క్ దాకా వినబడితేనే లెక్క. వినబడిందో లేదో తేల్చే పని మా నాన్నది. ఆయన కారు పక్కన నిలబడి, వినబడగానే చెయ్యి పైకెత్తేవారు. అప్పుడు దుప్పట్ల మీది పెద్దవాళ్లంతా చప్పట్లు కొట్టేవారు.

"ఈ రాళ్లకి మన పేర్లు తెలవాలండి. ఎవరెవరి పేర్లో విన్నాయి ఇన్నేళ్లూ, మనయ్యీ వింటాయి," అనేవాడు అంకుల్.

వాళ్ల పెద్దబ్బాయి అరవగా విన్నాను. దద్దోజనం వాళ్లమ్మాయి అరవగా విన్నాను. ఆ తర్వాత వంతు నాది. రాత్రి దుప్పటి నిండా కప్పుకుని, అమ్మ లేవకుండా, లోగొంతుతో మా ఇంటిపేరు అరవడం సాధన చేసేదాన్ని. ఆ పేరు ఇక్కడ రాయను.

సరిగ్గా నాకు పదేళ్లు నిండే వసంతంలోనే కరోనా వచ్చిపడింది.

స్కూళ్లు మూసేశారు. ఇంటినుంచి కాస్త దూరం దాటి వెళ్లకూడదన్నారు. నాన్న ఫోన్లో మ్యాపు తీసి మా ఇంటి చుట్టూ సున్నా గీసి చూపించారు. మఠం సున్నా లోపల పడింది, కోట బయట పడింది. రోడ్డు మీద గార్డులు, అంటే అక్కడి పోలీసులు, కార్లు ఆపి ఎక్కడికని అడిగేవారు. నాన్న పడగ్గదిలో లాప్‌టాప్ పెట్టుకుని పని చేసేవారు. అమ్మ ఒక్కతే రోజూ బయటికి వెళ్లేది. ఆసుపత్రిలో తన వార్డును కరోనా వార్డు చేశారు. ఇంటికొచ్చాక వెనక షెడ్డులో బట్టలు మార్చుకుని, స్నానం చేశాకే నా దగ్గరకు వచ్చేది. ముక్కు మీద మాస్కు గీతలు ఎర్రగా పడి ఉండేవి. అమ్మ చేతులకు చింతపండు వాసన పోయి శానిటైజర్ వాసన పట్టుకుంది.

నా పుట్టినరోజు నాడు అంకుల్ కారులో మా ఇంటి ముందుకొచ్చి హారన్ కొట్టాడు. కిందికి దిగలేదు. అద్దం దించి, వీధంతా వినబడేలా చెప్పాడు.

"బంగారం, కోట తెరిచిన రోజున మొట్టమొదట ఎక్కేది నువ్వేనమ్మా. ఇది మావయ్య మాట."

వెనక సీట్లోంచి మా స్నేహితురాలు చేతులూపింది. అంతకుముందొక సాయంత్రం దేశమంతా గుమ్మాల్లోకి వచ్చి నర్సులకు, డాక్టర్లకు చప్పట్లు కొట్టినప్పుడు కూడా ఆయన కుటుంబమంతా పళ్లేలు వాయిస్తూ వీడియో తీసి, 'మా చెల్లెమ్మ కోసం' అని రాసి మా నాలుగిళ్ల ఫోన్ గ్రూపులో పెట్టాడు. అమ్మ ఆ వీడియో డ్యూటీకి వెళ్లేముందు చూసుకునేది. వచ్చాక మళ్లీ చూసుకునేది. నాకు అమ్మ మీద ఇప్పటికీ కోపం వచ్చేది ఆ ఒక్క విషయంలోనే. అంతగా నమ్మి ఉండాల్సింది కాదు.

వేసవి చివర్లో ఆంక్షలు సడలించారు. కోట గడ్డి మైదానం, ఆపైన బురుజు తెరిచారు. గుంపులో ఇంతమందికి మించకూడదు, ముందుగా బుక్ చేసుకోవాలి అన్నారు. గ్రూపులో ఎవరూ ఏ ఊసూ ఎత్తలేదు. ఇంకా భయపడుతున్నారేమో అనుకుంది అమ్మ.

ఒక శుక్రవారం పొద్దున, అమ్మ డ్యూటీకి వెళ్లబోతుంటే ఆంటీ ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను, స్పీకర్లో విన్నాను.

"వదినా, అడగడానికి మొహమాటంగా ఉందండి. మా పెద్దోడికి నోటికి ఏదీ సయించట్లేదు. మీ చేతి పులిహోర పులుసు కాస్త కాచి పెడతారేంటి?"

"అయ్యో, దానికి మొహమాటమేంది వదినా. రేపు పొద్దున వచ్చి తీసకపో."

అమ్మ ఆ రోజు పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చింది. స్నానం చేసి, తల తుడుచుకుంటూనే చింతపండు నానబెట్టింది. నిలబడలేక స్టవ్ పక్కన కుర్చీ వేసుకుని కలియబెట్టింది. నాన్న వచ్చి గరిట అంచున ఉన్నది వేలికి రాసుకుని నాకి, "బెల్లం ఇంకాస్త పడాలి," అన్నారు. అమ్మ ఇంకాస్త వేసింది.

పొద్దున్నే ఆంటీ వచ్చింది. గేటు దగ్గరే ఆగిపోయింది. అమ్మ సీసాను గోడ మీద పెట్టి వెనక్కి వచ్చాక, ఆంటీ మూత మీద స్ప్రే కొట్టి టిష్యూతో తుడిచింది.

"మరిగిన పులుసు కదా వదినా, ఇందులో ఏముంటాదిలెండి," అంది. అమ్మకు ధైర్యం చెబుతోందా, తనకు తనే చెప్పుకుంటోందా అని అప్పుడు నాకు అర్థం కాలేదు. అమ్మ మాత్రం నవ్వి, "పిల్లోడికి వేడన్నంలో కలిపి పెట్టు," అంది.

మర్నాడు ఆదివారం అమ్మకు డ్యూటీ. కానీ తోటి నర్సు ఎవరో తన సెలవు మార్చుకోవడంతో పొద్దున్నే ఖాళీ దొరికింది. అమ్మ మొహం వెలిగిపోయింది.

"ఇయ్యాల కోటకి పోదాం. పిల్ల ఎన్నాళ్లుగానో కాచుక్కూర్చుంది. బురుజు బుకింగ్ దొరక్కపోతే గడ్డి మీదన్నా కూర్చుని వద్దాం."

నాన్న వాన పడుతుందన్నారు. పడలేదు. కార్ పార్క్ నిండిపోయి ఉంటుందన్నారు. బీచ్‌కి వెళ్దామన్నారు. "అట్టా అంటారేంటండీ, బీచ్ ఎప్పుడన్నా పోవచ్చు," అంది అమ్మ. చివరికి బయల్దేరాం. సగం ట్యాంకు ఉండగానే నాన్న పెట్రోలు కొట్టించారు. కాఫీ కోసమని ఒకచోట ఆపారు. అలవాటైన దారిలో మలుపు మర్చిపోయి చుట్టూ తిప్పారు. ఆ రోజు నాన్న ఎంత నెమ్మదిగా నడిపారో. వెనక సీట్లో నేను పెదాలు కదుపుతూ ఇంటిపేరు సాధన చేసుకుంటున్నాను.

కార్ పార్క్‌లో దిగీ దిగగానే పైనుంచి అరుపు వినబడింది.

అది మా ఇంటిపేరు కాదు. అంకుల్ వాళ్లది. గొంతు మా స్నేహితురాలిది. దానికింకా పదేళ్లు నిండలేదు.

తల ఎత్తితే బురుజు అంచున దాని పసుపు జాకెట్, పక్కన అంకుల్. కిందనుంచి చప్పట్లు. అమ్మ చప్పున నా చెయ్యి పట్టుకుంది. "అరే, వాళ్లూ వచ్చారే," అంటూ గబగబా నడిచింది. సంతోషంగానే అంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ రోజంతటిలో నేను తట్టుకోలేనిది అమ్మ ఆ సంతోషమే.

గడ్డి మీద ఎప్పుడూ పరిచే దుప్పట్లే. మూడు కుటుంబాలూ ఉన్నాయి. మధ్యలో పెద్ద గిన్నె. దాని నిండా పులిహోర. పదడుగుల దూరం నుంచే నాకు వాసన తెలిసిపోయింది. మెంతులు, నువ్వులు, ఇంకాస్త పడిన బెల్లం. నోటికి ఏదీ సయించని వాళ్ల పెద్దోడు రెండోసారి వడ్డించుకుంటున్నాడు.

ఆంటీ మమ్మల్ని చూసి లేచి నిలబడింది. మాస్కు పైకి లాక్కుంది. దుప్పటి అంచున ఆడుకుంటున్న దద్దోజనం వాళ్ల చంటివాణ్ని జబ్బ పట్టుకుని తన వెనక్కి లాగింది. అమ్మ అక్కడే ఆగిపోయింది.

అంకుల్ మెట్లు దిగి ఆయాసపడుతూ వచ్చాడు. అమ్మవైపు చూడలేదు. మా వెనక దూరంగా ఉండిపోయిన నాన్నవైపు చూశాడు.

"అదేంటండి బావగారూ. మనం అనేసుకున్నాం కదండి. మీకు చెప్పేకే కదా బుక్ చేసేను. పిల్లలున్నోళ్లం, ఆవిడేమో ఆ వార్డులోంచి వస్తన్నారు, కొన్నాళ్లు ఆగుదామంటే మీరూ సరేనన్నారు కదా."

అమ్మ వెనక్కి తిరిగి నాన్నను చూసింది. నాన్న చేతిలోని కారు తాళాల వైపు చూసుకుంటున్నారు.

బురుజు మీద నుంచి మా స్నేహితురాలికి నేను కనబడ్డాను. దానికి పాపం ఏమీ తెలియదు. "కమాన్ అప్! ఇట్స్ గ్రాండ్ అప్ హియర్!" అని చేతులూపింది. నేనూ చెయ్యి ఊపాను. ఎందుకు ఊపానో తెలియదు.

అమ్మ మళ్లీ ఆంటీవైపు తిరిగింది.

"ఉప్పు సరిపోయిందా వదినా?"

ఆంటీ తల ఊపింది.

"సరే అయితే," అంది అమ్మ. నా చెయ్యి వదలకుండానే వెనక్కి నడిచింది. గేటు దగ్గర గైడ్ ఆవిడ, "లీవింగ్ సో సూన్, లవ్?" అని అడిగితే, నవ్వి తల ఊపింది.

కారులో నాన్నే మొదలుపెట్టారు.

"నువ్వు బాధపడతావని చెప్పలేదు. నీకు ఆదివారం డ్యూటీ కదా, తెలియకుండా అయిపోతుందనుకున్నాను."

"వాళ్లు రావొద్దన్నారు. భయం. అది నేను రోజూ చూసే భయమే, నాకేం కొత్తది కాదు," అంది అమ్మ. గొంతు పెంచలేదు. "మీరు పక్కన నిలబడి నా చేత పులుసు కాయించారు. బెల్లం చాల్లేదన్నారు."

నాన్న ఇండికేటర్ వేసి మా వీధిలోకి తిప్పారు.

వారం తిరక్కుండా మా గోడ మీద సీసా ప్రత్యక్షమైంది. అరువు తెచ్చుకున్న గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, ఆంటీ ఆ మర్యాద మర్చిపోలేదు. నిండా చక్కెర పోసి పంపింది. అమ్మ పారబొయ్యలేదు. ఆ చక్కెర అయిపోయేదాకా నాన్న టీలోనే వేసింది. తను ముట్టలేదు, నన్ను ముట్టనివ్వలేదు. నాన్న రోజూ ఆ టీ తాగారు.

ఆ తర్వాత కరోనా పోయింది. పిలుపులు మళ్లీ మొదలయ్యాయి. పుట్టినరోజులకి, వ్రతాలకి అమ్మ వెళ్లేది, కొట్లో కొన్న స్వీటు డబ్బా పట్టుకెళ్లేది. అంకుల్ 'చెల్లెమ్మా' అనే పిలిచేవాడు, అమ్మ పలికేది. కొన్నాళ్లకు వాళ్లు రాజధాని పక్కన ఆడమ్స్‌టౌన్ వైపు ఇల్లు కొనుక్కుని వెళ్లిపోయారు. మా స్నేహితురాలూ నేనూ నెమ్మదిగా మాట్లాడుకోవడం మానేశాం. అంకుల్‌ని నేను ఎప్పుడో క్షమించేశాను. చిన్నపిల్లల తండ్రి, భయపడ్డాడు, మాట తప్పాడు. నాన్న సంగతి వేరు. ఆయన చెడ్డవాడు కాదు, నాకు సైకిలు నేర్పినవాడు, జ్వరమొస్తే తెల్లవార్లూ కూర్చున్నవాడు. కానీ నలుగురిలో తన చోటు పోకుండా ఉండటానికి అమ్మ చోటు వదిలేసుకున్నాడు. అది నేను మర్చిపోలేదు. మా ఇంట్లో ఆ తర్వాత ఎవరూ పులుసు కాయలేదు.

నిన్న శనివారం కోటకు వెళ్లాం. కార్ పార్క్ పెద్దది చేశారు, కాఫీ బండి పెట్టారు. నాన్న కారు దిగలేదు.

"మోకాళ్లు పట్టేశాయి. నేనిక్కడే ఉంటాను, మీరు వెళ్లి రండి," అన్నారు. అమ్మ సరేనంది.

అమ్మ బురుజు ఎక్కలేనంది. అప్పుడు దుప్పట్లు పరిచిన చోట ఇప్పుడు బెంచీ ఉంది, దాని మీద చలికోటు బొత్తాలు పెట్టుకుని కూర్చుంది. నేనూ మా చిన్నదీ తాడు పట్టుకుని ఎక్కాం. అదే తడి రాయి వాసన, అవే పావురాలు. ద్వారం మీది కంతకు ఇనుప జల్లెడ బిగించారు, ఇక పప్పులు పడవు. పైన గాలి చెవుల్ని కోస్తోంది. ఏరు, మఠం, మేం అద్దెకున్న వీధి అన్నీ కనబడుతున్నాయి.

ఇంటిపేరు అరవాలని చిన్నదానికి చెప్పాను. "యూ ఫస్ట్," అంది.

నోరు తెరిచాను. దుప్పటి కింద అన్ని రాత్రులు సాధన చేసిన పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అది నాన్న పేరు. బయటికి రాలేదు.

పెళ్లికి ముందు అమ్మకూ ఒక ఇంటిపేరు ఉండేది. ఆమె పాత నర్సింగు సర్టిఫికెట్ మీద తప్ప నేనెక్కడా చూడలేదు. ఊపిరి బిగబట్టి ఆ పేరు అరిచాను.

అమ్మ కదల్లేదు. ఎవరో ఎవర్నో పిలుస్తున్నారనుకుని ఏటివైపే చూస్తోంది. మళ్లీ అరిచాను. ఆ పేరు తనదేనని తట్టడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. అప్పుడు మెల్లగా తల ఎత్తి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, పైకి చూసింది.

మూడోసారి కార్ పార్క్ వైపు తిరిగి అరిచాను. అక్కడిదాకా వినబడితేనే లెక్క.